కదిలేది గట్టా, పడవా? ఆకాశాన్ని నిలిపి భూమిని తిప్పిన ఆర్యభటుడు

కిమ్ (సూరత్): సూరత్ నుంచి భరూచ్ వైపు సాగే రైలు మార్గంలో కిమ్ ఒక చిన్న స్టేషన్. ముంబయి, వడోదరల నడుమ పరుగులు తీసే దూరప్రయాణపు రైళ్లకు దారి ఇవ్వడానికి చిన్న బండ్లు ఇలాంటి చోట్ల పక్క పట్టాలపై నిలబడవలసి వస్తుంది. ఆ సమయంలో కిటికీ పక్కన కూర్చున్న ప్రయాణికుడికి ఒక వింత ఎదురవుతుంది. పక్కనున్న రైలు దక్షిణంగా సూరత్ వైపు మెల్లగా జరగడం మొదలుపెట్టగానే, తాను కూర్చున్న పెట్టే ఉత్తరంగా భరూచ్ వైపు బయలుదేరినట్లు తోస్తుంది. ఆ రైలు చివరి పెట్టె దాటిపోయి, దాని వెనుక ప్లాట్‌ఫారం స్తంభాలు కనబడితే గానీ తన బండి అంగుళమైనా కదలలేదని తెలియదు. విజయవాడ, వరంగల్ మీదుగా అహ్మదాబాద్ వెళ్లే నవజీవన్ ఎక్స్‌ప్రెస్ కూడా సూరత్ దాటాక ఈ ఊరి మీదుగానే పోతుంది. సూరత్ మరమగ్గాలను నమ్ముకొని తెలంగాణ నుంచి తరలివచ్చిన నేత కుటుంబాలకూ, వారిని చూడవచ్చే బంధువులకూ రైలు కిటికీలోని ఈ మాయ పరిచితమే.

చలనం ఉన్నదని కన్ను చెప్పగలదు. ఎవరిది చలనమో, ఏ దిశగానో చెప్పవలసి వచ్చినప్పుడు మాత్రం తడబడుతుంది. ఈ తడబాటును పదిహేను శతాబ్దాల కిందట ఒక యువకుడు గమనించి, దాని ఆధారంగా విశ్వచిత్రాన్నే తలకిందులు చేశాడు. ఆయన ఆర్యభటుడు. రైలు లేని కాలం కనుక ఆయన పడవను ఎంచుకున్నాడు.

కిమ్ నేడు సూరత్ జిల్లా ఓల్పాడ్ తాలూకాలోని పట్టణం. ఇదే పేరుగల నది ఈ ప్రాంతం గుండా పడమరకు సాగి ఖంభాత్ సింధుశాఖలో కలుస్తుంది. నర్మద, తపతి నదుల పరిసరాల్లోని ఈ నేలను ప్రాచీన కాలంలో లాట దేశమని పిలిచేవారు. ఆర్యభటుడు ఇక్కడ నివసించాడని ఏ గ్రంథమూ చెప్పదు. కానీ ఆయన శాస్త్రాన్ని అందుకొని ముందుకు తీసుకువెళ్లినవారిలో కొందరు, ఆయన ప్రధాన భావనను నిష్కర్షగా తోసిపుచ్చిన ఒక పండితుడు ఈ లాట దేశంతోనూ దాని పొరుగు ప్రాంతాలతోనూ ముడిపడి ఉన్నారు. అందువల్ల ఆయన జీవితకథ చెప్పడానికి ఈ నేల అనువైన చోటే.

అశ్మకం నుంచి కుసుమపురానికి

ఆర్యభటుడి జననకాలం విషయంలో చరిత్రకారులకు అరుదైన అదృష్టం కలిగింది. ప్రాచీన భారతీయ గ్రంథకర్తల్లో అనేకుల కాలాన్ని శతాబ్దాల తేడాతో ఊహించవలసి ఉండగా, ఈయన తన వయసును తానే లెక్కగా చెప్పాడు. కలియుగంలో 3,600 సంవత్సరాలు గడిచేనాటికి తాను పుట్టి 23 ఏళ్లయిందని ఆయన గ్రంథంలో ఉంది. ఆ లెక్క క్రీస్తుశకం 499కి సరిపోతుంది; అంటే ఆయన జననం 476లో. తల్లిదండ్రుల పేర్లు గానీ, పుట్టిన ఊరు గానీ ఆయన చెప్పలేదు. తన జ్ఞానం కుసుమపురంలో ఆదరణ పొందినదని మాత్రం ప్రస్తావించాడు. కుసుమపురమంటే పాటలీపుత్రమే, అంటే నేటి పాట్నా అని మొదటి భాస్కరుడు వివరించాడు. లీలావతి రాసిన భాస్కరుడికి ఈయన ఐదు శతాబ్దాలు ముందటివాడు.

జన్మస్థలం విషయంలో తెలుగువారికి ఆసక్తి కలిగించే సంగతి ఒకటుంది. మొదటి భాస్కరుడు ఆర్యభటుడి శాస్త్రాన్ని అశ్మకుల శాస్త్రంగా పేర్కొన్నాడు. చాలా కాలం తరువాత కేరళకు చెందిన నీలకంఠ సోమయాజి కూడా ఆయన అశ్మక జనపదంలో పుట్టాడని రాశాడు. షోడశ మహాజనపదాల్లో వింధ్యకు దక్షిణాన ఉన్నది అశ్మకం ఒక్కటే. అది గోదావరి తీరాన వెలసింది. దాని రాజధాని పోదనం నేటి నిజామాబాద్ జిల్లాలోని బోధన్ అని పలువురు చరిత్రకారుల అభిప్రాయం. అశ్మకుల్లో ఒక శాఖ నర్మదా పరిసరాలకు వలస వెళ్లిందని, ఆర్యభటుడి అశ్మకం అదేనని మరికొందరు అంటారు. ఆర్యభటీయానికి వ్యాఖ్యలు అధికంగా కేరళలో పుట్టినందువల్ల ఆయన అక్కడివాడేనని వాదించినవారూ ఉన్నారు. బోధన్ వాదం ఆకర్షణీయమైనదే అయినా దాన్ని నిరూపితమైన విషయంగా చెప్పుకోవడం తొందరపాటు.

ఆయన పేరు విషయంలోనూ ఒక పొరపాటు వాడుకలో స్థిరపడింది. భట్ట అనే పండిత బిరుదుతో కలిపి ఆర్యభట్ట అని పలకడం నేడు పరిపాటి. గ్రంథంలో ఆయన వాడుకున్నది భట శబ్దం. దానికి యోధుడని అర్థం. ఛందస్సు కూడా ఒకే టకారాన్ని కోరుతుంది.

నూటఇరవైఒక్క శ్లోకాల గ్రంథం

ఆర్యభటీయం చాలా చిన్న పుస్తకం. మొత్తం 121 శ్లోకాలు. గీతికాపాదంలో 13, గణితపాదంలో 33, కాలక్రియాపాదంలో 25, గోళపాదంలో 50. ఇంత తక్కువ చోట ఇంత ఎక్కువ విషయాన్ని ఇమిడ్చిన గ్రంథాలు ప్రపంచ శాస్త్ర వాఙ్మయంలోనే అరుదు. వృత్తపరిధికీ వ్యాసానికీ ఉన్న నిష్పత్తిని 62,832కు 20,000గా, అంటే 3.1416గా ఇచ్చి, అది ఆసన్నమైన విలువ మాత్రమేనని జాగ్రత్తపడ్డాడు. 24 అర్ధజ్యల పట్టికను కూర్చాడు. చంద్రుడు, గ్రహాలు సూర్యకాంతి వల్లనే ప్రకాశిస్తాయని, గ్రహణాలకు భూమి, చంద్రుల నీడలే కారణమని చెప్పాడు. రాహుకేతువులకు ఆ లెక్కలో చోటు లేదు. భూమిని కదంబ పుష్పంతో పోల్చాడు. ఆ పువ్వు చుట్టూ కేసరాలు అన్ని వైపులా నిలిచినట్లే భూగోళం చుట్టూ ప్రాణులు నివసిస్తాయన్నాడు.

పెద్ద సంఖ్యలను శ్లోకంలో ఇరికించడానికి ఆయన సొంతంగా ఒక అక్షర సంకేతాన్ని కల్పించాడు. హల్లులు అంకెలు, అచ్చులు స్థానాలు. మహాయుగంలో సూర్యుడి ఆవృత్తులైన 43,20,000 సంఖ్య ఆ పద్ధతిలో ఖ్యుఘృ అనే రెండక్షరాల్లో ఒదిగిపోతుంది. కంఠస్థం చేసేవారికి ఇది గొప్ప సౌకర్యం. ప్రమాదం కూడా అక్కడే ఉంది. ఒక్క అక్షరం మారితే శాస్త్రమే మారిపోతుంది. ఆయన గ్రంథానికి సరిగ్గా అలాంటి గతే పట్టింది.

పడవ శ్లోకం

గోళపాదంలోని తొమ్మిదో శ్లోకం ఈ కథకు కేంద్రం. అందులోని విషయం సులభమైనదే. ముందుకు సాగుతున్న పడవలో కూర్చున్నవాడికి గట్టుమీది కదలని వస్తువులు వెనక్కు పోతున్నట్లు కనబడతాయి. అదే విధంగా లంకలో నిలబడి చూసేవాడికి కదలని నక్షత్రాలు నేరుగా పడమరకు పోతున్నట్లు కనిపిస్తాయి.

ఇక్కడ లంక అంటే రావణుడి నగరం కాదు. భూమధ్యరేఖ మీద, ఉజ్జయిని రేఖాంశంలో ఉన్నట్లు ఖగోళ శాస్త్రజ్ఞులు భావించిన ఒక గణిత బిందువు. దాన్నే ఎంచుకోవడంలో ఆర్యభటుడి నిశితత్వం వెల్లడవుతుంది. కిమ్‌లో గానీ బోధన్‌లో గానీ నిలబడి చూస్తే నక్షత్రాలు దక్షిణం వైపు ఒరుగుతూ ఏటవాలుగా ఉదయించి, ఏటవాలుగానే అస్తమిస్తాయి. ధ్రువ నక్షత్రం చుట్టూ ఉన్నవి అసలు అస్తమించకుండా గిర్రున తిరుగుతాయి. భూమధ్యరేఖ మీద మాత్రమే ప్రతి నక్షత్రమూ నిటారుగా పైకి లేచి, నిటారుగా పడమట దిగుతుంది. పడవ ఒక దిశలో, గట్టు దానికి సరిగ్గా ఎదురు దిశలో అన్న పోలిక ఏ వంకరా లేకుండా కుదిరేది అక్కడే. కనబడే దిశ పడమర అయితే అసలు దిశ తూర్పు. కనబడేది నక్షత్రాలదైతే అసలు చలనం భూమిది.

ఆయన దీన్ని పోలికతో వదిలిపెట్టలేదు. గీతికాపాదంలో భూమి భ్రమణాలకు ఒక సంఖ్య ఇచ్చాడు. 43,20,000 సంవత్సరాల్లో భూమి తూర్పు దిశగా 158,22,37,500 సార్లు తిరుగుతుంది. ఈ లెక్క ప్రకారం ఒక భ్రమణానికి పట్టే కాలం 23 గంటల 56 నిమిషాల 4.1 సెకన్లు. నేటి శాస్త్రం ఇచ్చే విలువతో పోలిస్తే తేడా సెకనులో పదోవంతుకన్నా తక్కువ. ఒక ప్రాణకాలంలో, అంటే ఆరోగ్యవంతుడైన మనిషి ఒక్కసారి ఊపిరి తీసి వదిలే సుమారు నాలుగు సెకన్లలో, భూమి ఒక కళ మేర తిరుగుతుందనీ చెప్పాడు. వృత్తంలో 21,600 కళలు, దినంలో 21,600 ప్రాణాలు. భూభ్రమణాన్ని మనిషి ఊపిరితో కొలిచిన ఆ పోలికలో గణితంతో పాటు ఒక సొగసు కూడా ఉంది.

ఆర్యభటుడు చెప్పనిదాన్ని ఆయనకు అంటగట్టడం ఇటీవల ఎక్కువైంది. భూమి సూర్యుడి చుట్టూ తిరుగుతుందని ఆయన ఎక్కడా చెప్పలేదు. ఆయన విశ్వంలో భూమి మధ్యలోనే ఉంది. గ్రహాలు దాని చుట్టూనే పోతాయి. తన ఇరుసు మీద తాను తిరగడం ఒక్కటే ఆయన భూమికి ఇచ్చిన చలనం. ఆ ఒక్కటీ సమకాలికులకు మింగుడుపడలేదు.

కన్ను, చెవి, నేల

మనిషి తన కదలికను ప్రధానంగా రెండు దారుల్లో తెలుసుకుంటాడు. ఒకటి చూపు, రెండోది లోపలి చెవిలోని సమతౌల్య అవయవం. చెవిలోని ఆ అవయవం వేగం పెరిగినప్పుడు, తగ్గినప్పుడు, దిశ మారినప్పుడు మాత్రమే హెచ్చరిస్తుంది. సమవేగంతో నేరుగా పోతున్నంతసేపు మౌనంగా ఉండిపోతుంది. అప్పుడు తీర్పు చెప్పవలసిన భారమంతా కన్ను మీద పడుతుంది. కంటి ముందు దృశ్యం ఒక వైపు జరిగితే, దృశ్యం జరిగిందా, తాను జరిగాడా అన్నది మెదడు ఊహించవలసిందే. సాధారణంగా పెద్దగా, విశాలంగా ఉన్నదాన్ని స్థిరమని, చిన్నదాన్ని చలించేదని మెదడు నిర్ణయించుకుంటుంది. మబ్బులు పడమరకు పోతుంటే చందమామ తూర్పుకు పరుగెత్తుతున్నట్లు కనబడేది ఇందువల్లనే. కిమ్ స్టేషన్‌లో పక్క రైలు కిటికీ నిండా పరచుకొని ఉంటుంది గనుక అదే స్థిరమని, తాను కదిలానని ప్రయాణికుడు భ్రమపడతాడు.

ఆధునిక శాస్త్రం ఈ విషయాన్ని చేపట్టింది చాలా ఆలస్యంగా. 1834లో రాబర్ట్ ఆడమ్స్ స్కాట్లాండ్‌లోని ఫోయర్స్ జలపాతాన్ని కొంతసేపు తదేకంగా చూసి, పక్కనున్న బండరాళ్ల వైపు చూపు మరల్చగానే అవి పైకి లేస్తున్నట్లు కనబడ్డాయని నమోదు చేశాడు. పడవ భ్రమకు ఇది దాయాది వంటిది; ఇక్కడా చలనం లేని వస్తువుకు ఎదురు దిశ చలనం అంటుకుంటుంది. ఆస్ట్రియా భౌతికశాస్త్రజ్ఞుడు ఎర్నెస్ట్ మాక్ 1875లో కదలిక అనుభూతుల మీద ఒక పూర్తి గ్రంథమే ప్రచురించాడు. 1929లో జర్మన్ మనస్తత్వ శాస్త్రవేత్త కార్ల్ డుంకర్, చీకటి గదిలో వెలుగుతున్న చట్రాన్ని జరిపితే లోపల కదలకుండా ఉన్న చుక్క ఎదురు దిశగా జరిగినట్లు కనబడుతుందని ప్రయోగపూర్వకంగా చూపాడు. చట్రమే ప్రమాణం, చుక్కే చలనశీలం అని కన్ను తీర్మానిస్తుందన్నమాట.

ఆర్యభటుడి ముందున్న చిక్కు ఇంతకన్నా కఠినమైనది. పడవలో ఉన్నవాడు ఎప్పుడో ఒకప్పుడు గట్టు దిగుతాడు. చెట్లు కదలలేదని కాళ్లతో నిర్ధారించుకుంటాడు. భూమి అనే పడవ దిగి గట్టున నిలబడి చూడగలవాడు ఆనాడు ఎవడూ లేడు. కాలి కింద అంతులేని నేల, తల పైన చిన్న చిన్న చుక్కలు. పెద్దదే స్థిరమన్న మెదడు తీర్పు ప్రకారం కదలవలసినవి చుక్కలే. కిమ్ ఉన్న అక్షాంశంలో నేల గంటకు సుమారు 1,550 కిలోమీటర్ల వేగంతో తూర్పుకు పరుగెడుతున్నా, ఆ వేగంలో మార్పు లేనందున చెవి పలకదు, గాలి కూడా నేలతోనే కదులుతుంది గనుక చర్మానికీ తెలియదు. అన్ని ఇంద్రియాలూ ఒక్క మాటగా ఇచ్చిన సాక్ష్యాన్ని పక్కనపెట్టి, గోదావరి మీదో గంగ మీదో పడవ ఎక్కిన ఎవరికైనా కలిగే చిన్న అనుభవాన్ని ఆయన నమ్మాడు. దాదాపు వెయ్యేళ్ల తరువాత, 1543లో అచ్చయిన గ్రంథంలో కోపర్నికస్ కూడా ఓడరేవు వదిలే ఓడ పోలికనే ఆశ్రయించాడు. దాన్ని ఆయన రోమన్ కవి వర్జిల్ నుంచి తీసుకున్నాడు.

గూటికి చేరే పక్షులు, పడమట పడే బాణాలు

పడవ శ్లోకం వెంటనే వచ్చే పదో శ్లోకం పండితులను నేటికీ ఇబ్బంది పెడుతూనే ఉంది. నక్షత్రాలూ గ్రహాలూ ప్రవహ వాయువు నెట్టడం వల్ల పడమరకు తిరుగుతాయని అక్కడ ఉంది. ముందు శ్లోకానికి ఇది పూర్తిగా విరుద్ధం. లోకరీతిలో కనబడేదాన్ని కూడా చెప్పి ఊరుకున్నాడని కొందరు, రెండు విధాలుగానూ లెక్క ఒకటే అవుతుందని చూపాడని కొందరు సమాధానపడ్డారు. భూభ్రమణాన్ని ఒప్పుకోని వ్యాఖ్యాతలకు మాత్రం ఈ శ్లోకం ఊతకర్రగా దొరికింది.

తొలి అభ్యంతరం ఉజ్జయినికి చెందిన వరాహమిహిరుడి నుంచి ఆరో శతాబ్దంలోనే వచ్చింది. భూమి తిరుగుతుంటే ఆకాశంలోకి ఎగిరిన డేగలు తిరిగి తమ గూళ్లకు ఎలా చేరతాయన్నది ఆయన పంచసిద్ధాంతికలోని ప్రశ్న. జెండాలన్నీ ఎప్పుడూ పడమరకే ఎగరవలసి ఉంటుందని కూడా ఆయన వాదించాడు. 628లో బ్రహ్మగుప్తుడు మరింత పదునుగా విమర్శించాడు. భూమి ఒక ప్రాణకాలంలో ఒక కళ మేర పోతే ఎక్కడి నుంచి ఏ దారిన ఎక్కడికి పోతున్నదని, నిజంగా తిరిగితే ఎత్తైనవి ఎందుకు పడిపోవని నిలదీశాడు. తొమ్మిదో శతాబ్దంలో ఆ బ్రహ్మగుప్తుడికే వ్యాఖ్య రాసిన పృథూదకస్వామి ఈ విషయంలో మూలకర్తను కాదని ఆర్యభటుడి పక్షం వహించాడు. గోళం మీద ప్రతివాడికీ తానున్నదే పైభాగం గనుక పడిపోవడమన్న మాటకే అర్థం లేదని ఆయన వివరణ. గురువును సమర్థించవలసిన చోట ప్రత్యర్థికి న్యాయం చేసిన ఇలాంటి వ్యాఖ్యాతలు అరుదుగానే కనిపిస్తారు.

ఈ దశలోనే కథ లాట దేశానికి వస్తుంది. ఎనిమిదో శతాబ్దంలో శిష్యధీవృద్ధిద తంత్రం రచించిన లల్లుడు లాట ప్రాంతంవాడై ఉంటాడని కొందరు చరిత్రకారులు భావిస్తారు. లల్లుడి లెక్కలన్నీ ఆర్యభటుడి నుంచి తీసుకున్నవే; ఆయన తంత్రం ఒక విధంగా ఆర్యభటీయానికి విస్తృత రూపం. భూభ్రమణం దగ్గరికి వచ్చేసరికి మాత్రం ఆయన ఎదురు తిరిగాడు. భూమి తిరిగితే పక్షులు గూళ్లకు చేరలేవు, పైకి వేసిన బాణాలు పడమట పడాలి, మబ్బులన్నీ పడమరకే పోవాలి అన్నాడు. బాణం సంగతిలో లల్లుడు తనకు తెలియకుండానే ఒక సత్యాన్ని తాకాడు. గాలి ప్రభావాన్ని మినహాయిస్తే, కిమ్ అక్షాంశంలో నిటారుగా 50 మీటర్ల ఎత్తుకు వేసిన బాణం నిజంగానే పడమట పడుతుంది. అయితే సుమారు 3 సెంటీమీటర్ల దూరంలో. కోసుల కొద్దీ దూరాన పడాలని ఆశించిన కంటికి అది కనబడేది కాదు. భూభ్రమణానికి సందేహం లేని ప్రదర్శన కోసం లోకం 1851 వరకు, పారిస్‌లో లియాన్ ఫూకో వేలాడదీసిన లోలకం వరకు వేచి ఉండవలసి వచ్చింది.

లల్లుడి వంటివారిని తప్పుపట్టడం సులభం. వారి ప్రశ్నలు మూర్ఖమైనవి కావు. కదిలే పడవలో పైకి విసిరిన వస్తువు పడవతోపాటే ముందుకు సాగుతుందన్న జడత్వ సూత్రం అప్పటికి రూపుదిద్దుకోలేదు. ఆర్యభటుడి పడవ పోలికలో కంటి భ్రమకు సమాధానం ఉంది గానీ, పక్షి గూటికి ఎలా చేరుతుందన్న ప్రశ్నకు సమాధానం లేదు.

శిష్యులు చేసిన మార్పు

ప్రత్యర్థుల విమర్శకన్నా అనుయాయుల సవరణలు ఆర్యభటుడికి ఎక్కువ హాని చేశాయి. ఆయన శిష్యులుగా పాండురంగస్వామి, లాటదేవుడు, నిశ్శంకు అనే ముగ్గురి పేర్లు మొదటి భాస్కరుడి వ్యాఖ్యలో ఉన్నాయి. వీరిలో లాటదేవుడి పేరు ఈ నేలనే గుర్తుకు తెస్తుంది. మొదటి భాస్కరుడు 629లో ఆర్యభటీయానికి విపులమైన భాష్యం రాశాడు. సౌరాష్ట్రలోని వలభి, కిమ్‌కు కొద్ది దూరంలోనే నర్మదా ముఖద్వారాన ఉన్న భరుకచ్ఛం, అంటే నేటి భరూచ్, ఆయన ఇచ్చిన ఉదాహరణల్లో కనిపిస్తాయి. ఆ భాష్యం గోళపాదంలోని తొలి కొద్ది శ్లోకాల వరకే దొరికింది. పడవ శ్లోకానికి ఆయన చెప్పిన అర్థం కాలగర్భంలో కలిసిపోయింది. 1976లో కృపాశంకర్ శుక్లా ఆ భాష్యాన్ని ప్రచురించినప్పుడు మిగతా భాగాన్ని సోమేశ్వరుడి వ్యాఖ్యతో పూరించవలసి వచ్చింది.

తరువాతి వ్యాఖ్యాతలు ఆచార్యుణ్ణి గౌరవించారు. ఆయన మాటను మాత్రం నమ్మలేకపోయారు. గీతికాపాదంలో భూమి ఒక ప్రాణకాలంలో ఒక కళ తిరుగుతుందన్న చోట మూలంలో భూః అనే పదం ఉండేది. బ్రహ్మగుప్తుడు విమర్శ కోసం ఉటంకించిన పాఠంలో అది అలాగే నిలిచి ఉంది. కొన్ని పాఠాల్లో అది భం అయింది. భం అంటే నక్షత్ర మండలం. ఒక్క అక్షరం తేడాతో తిరిగేది భూమి కాకుండా ఆకాశమైపోయింది. పదిహేనో శతాబ్దంలో కేరళ పండితుడు పరమేశ్వరుడు ఈ పాఠాన్నే స్వీకరించాడు. పడవ శ్లోకానికి ఆయన చూపిన అన్వయం ఇంకా విచిత్రం. పడవలో ఉన్నది నక్షత్రాలట, గట్టు మీద ఉన్నది భూమట. కదులుతున్న నక్షత్రాలకు భూమి మీది వస్తువులు ఎదురు దిశగా పోతున్నట్లు కనబడతాయని అర్థం. ఆర్యభటుడు చెదరగొట్టిన భ్రమను ఆయన శ్లోకంలోనే తిరిగి ప్రతిష్ఠించడం ఇది. అయినా పరమేశ్వరుడు సామాన్యుడు కాదు. దశాబ్దాల తరబడి గ్రహణాలను స్వయంగా పరిశీలించి లెక్కలు సరిదిద్దిన మహా పరిశీలకుడు. అంతటివాడి కళ్లకు కూడా నేల కదలడం ఒప్పుదల కాలేదు.

తెలుగు దేశానికి ఈ సంప్రదాయం లల్లుడి ద్వారా కూడా చేరింది. పన్నెండో శతాబ్దపు తెలుగు పండితుడు మల్లికార్జున సూరి సూర్యసిద్ధాంతానికి తెలుగులోనూ సంస్కృతంలోనూ వ్యాఖ్యలు రచించాడు. లల్లుడి తంత్రానికి ఆయన రాసిన వ్యాఖ్యను బీనా ఛటర్జీ పరిష్కరించగా 1981లో ఢిల్లీ నుంచి వెలువడింది. తెలుగులో ఖగోళ గణితాన్ని చెప్పిన తొలి తరం పండితుల్లో ఆయన ఒకరు.

మరుగున పడి, మళ్లీ వెలుగులోకి

1030 ప్రాంతంలో భారతదేశం గురించి రాసిన అల్ బిరూనీకి ఆర్యభటుడి గ్రంథం చేతికి అందలేదు. బ్రహ్మగుప్తుడి విమర్శల్లోని ఉటంకింపుల ద్వారానే ఆయనను ఎరిగాడు. భూమి తిరుగుతుందని అనుకున్నా ఖగోళ గణనలకు భంగమేమీ లేదని బిరూనీ రాశాడు. గట్టు నుంచి చూసినా పడవ నుంచి చూసినా అంకెలు ఒకటేనని గ్రహించినవాడి మాట అది. ఆర్యభటుడి రెండో గ్రంథం, అర్ధరాత్రి నుంచి దినారంభాన్ని గణించే ఆర్యభట సిద్ధాంతం, పూర్తిగా నశించింది. ఇతరులు ఉదహరించిన ముక్కలే మిగిలాయి. ఉత్తర భారతంలో ఆర్యభటీయం ప్రతులు అరుదైపోగా, కేరళ తాళపత్రాల్లో అది సజీవంగా నిలిచింది.

బొంబాయిలో వైద్యవృత్తిలో ఉంటూ ప్రాచీన లిఖితాలను సేకరించిన డాక్టర్ భావు దాజీ 1865లో లండన్‌లోని రాయల్ ఏషియాటిక్ సొసైటీ పత్రికలో ప్రచురించిన వ్యాసంతో ఆర్యభటుడి కాలం, రచనల గురించిన గందరగోళం చాలావరకు తొలగిపోయింది. అదే పేరుతో తరువాతి శతాబ్దాల్లో మరో ఖగోళ శాస్త్రజ్ఞుడు ఉండేవాడని, ఇద్దరినీ కలిపి చూడటం వల్లే చిక్కు వచ్చిందని అప్పుడు తేలింది. 1874లో హెండ్రిక్ కెర్న్ అనే డచ్ పండితుడు హాలెండ్‌లోని లైడెన్ నగరంలో ఆర్యభటీయాన్ని తొలిసారి ముద్రించాడు. ఆయనకు దొరికిన వ్యాఖ్య పరమేశ్వరుడిది. అందువల్ల ఆధునిక పాఠకుల చేతికి ఆ పుస్తకం వచ్చినప్పుడు, భూమిని తిప్పిన శ్లోకమూ, దాన్ని ఆపడానికి ప్రయత్నించిన వ్యాఖ్యానమూ ఒకే పేజీలో పక్కపక్కనే ఉన్నాయి.

స్వతంత్ర భారతం తన తొలి ఉపగ్రహానికి ఆయన పేరే పెట్టింది. బెంగళూరులోని పీణ్యలో ఉడుపి రామచంద్రరావు నాయకత్వంలో తయారైన 360 కిలోల ఆ ఉపగ్రహాన్ని 1975 ఏప్రిల్ 19న సోవియట్ యూనియన్‌లోని కపుస్తిన్ యార్ నుంచి కక్ష్యలోకి పంపారు. విద్యుత్ సరఫరాలో లోపం వల్ల కొద్ది రోజుల్లోనే అందులోని శాస్త్ర ప్రయోగాలు ఆగిపోయాయి. దాని సంకేతాలను అందుకున్న కేంద్రాల్లో నెల్లూరు తీరంలోని శ్రీహరికోట ఒకటి. దాని బొమ్మ చాలా కాలం రెండు రూపాయల నోటు వెనుక కనిపించేది. నేడు శ్రీహరికోట నుంచి భూస్థిర కక్ష్య కోసం వెళ్లే రాకెట్లను బంగాళాఖాతం మీదుగా తూర్పు దిశగా ప్రయోగిస్తారు. అక్కడి నేల తూర్పుకు సెకనుకు సుమారు 450 మీటర్ల వేగంతో తిరుగుతుంటుంది గనుక, ఆ మేరకు వేగాన్ని రాకెట్ భూమి నుంచి ఉచితంగా పొందుతుంది. ప్రయోగ వేదిక మీద అది కదలకుండా నిలబడి ఉన్నట్లు కనబడుతున్నప్పుడే ఆ వేగం దానికి వచ్చి ఉంటుంది.